సమ్మతి, మానసిక వ్యాధి, చట్టం: కోనసీమ పేటల నుంచి కొన్ని ప్రశ్నలు

మానసిక వ్యాధి ఉన్న ఆడమనిషి గురించి మన ఊళ్ళల్లో రెండు మాటలు వినబడతాయి. ‘పిచ్చిది, దాని మాటకు విలువేంటి?’ అనేది ఒకటి. ‘పిచ్చిదానికి ఇష్టాలూ అయిష్టాలూ ఏంటి?’ అనేది రెండోది. మొదటి మాట ఆమె మీద అత్యాచారం జరిగినప్పుడు ఆమె నోరు మూయిస్తుంది. రెండో మాట ఆమె ఎవరినైనా ఇష్టపడినప్పుడు, పెళ్ళి వద్దన్నప్పుడు, మొగుణ్ణి దగ్గరకు రావద్దన్నప్పుడు ఆమె మనసును లెక్కలోంచి తీసేస్తుంది. రెండూ ఒకే చెట్టు కాయలు. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు దళిత పేటల్లో వీటికి ఇంకో మాట కూడా తోడవుతుంది: ‘పేట మనిషి, పైగా పిచ్చిది.’

ఈ వ్యాసంలో మేము చెప్పదలుచుకున్నది ఒక్కటే. జబ్బు పేరు చెప్పి ఎవరి సమ్మతినీ కొట్టెయ్యకూడదు. జబ్బును అడ్డం పెట్టుకుని ఎవరి సమ్మతినీ ఊహించుకోనూ కూడదు. చట్టం అడిగే ప్రశ్న ‘ఆమెకు పిచ్చి ఉందా, లేదా’ అనేది కాదు. ‘ఆ సమయంలో, ఆ పని ఏమిటో దాని పర్యవసానం ఏమిటో అర్థమై, ఆమె తనంతట తాను ఒప్పుకుందా’ అనేది. ఈ తేడా కార్యకర్తలకు, విద్యార్థులకు, ఉపాధ్యాయులకు తెలిసి తీరాలి. ఎందుకంటే పోలీస్ స్టేషన్ మెట్ల దగ్గర, ఊరి పెద్దల ముందు, ఆస్పత్రి వరండాలో ఆమె పక్కన ముందుగా నిలబడాల్సింది వాళ్ళే.

కోనసీమ కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం 1981లో ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అనే పుస్తకం రాశారు. చట్టాన్ని లాయర్ల బీరువాలోంచి తీసి మామూలు మనిషి చేతికిచ్చిన పుస్తకమది. ఇళ్ళల్లో మొదటిసారి యూనివర్సిటీ గేటు దాటిన మాలాంటివాళ్ళకు అదొక దారి. ఆ దారిలోనే ఈ చిన్న ప్రయత్నం.

జబ్బు ఒకటి కాదు

ముందు మాటలు సరిచేసుకుందాం. ‘పిచ్చి’ అనే ఒక్క మాటలో మనం చాలా సంగతులు కుక్కేస్తున్నాం. పుట్టుక నుంచి గానీ చిన్నతనం నుంచి గానీ బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉండటాన్ని బుద్ధిమాంద్యం అంటాం. అది మానసిక వ్యాధి కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దీన్ని మానసిక వ్యాధి నిర్వచనంలోంచి స్పష్టంగా మినహాయించింది. మానసిక వ్యాధి మధ్యలో వస్తుంది, మందులతో తగ్గుతుంది, మళ్ళీ తిరగబెట్టవచ్చు. స్కిజోఫ్రేనియా, బైపోలార్, తీవ్రమైన కుంగుబాటు ఈ కోవలోవి. జబ్బు ముదిరిన వారంలో లోకం తెలియని మనిషి, రెండు నెలలు మందులు వాడాక పీచు మిల్లుకు కూలికి వెళ్ళి లెక్క సరిచూసుకుని డబ్బులు తెచ్చుకుంటుంది. కాబట్టి ‘జబ్బు మనిషి’ అని ఒకసారి ముద్ర వేసి, ఆ ముద్రతోనే ఆమె జీవితమంతా నడిపించడం వైద్యం దృష్టిలోనూ తప్పే.

ఇదేదో నలుగురైదుగురికి వచ్చే బాధ అనుకోకూడదు. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బును బట్టి వాళ్ళలో 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. ప్రభుత్వ మానసిక వైద్యశాల విశాఖపట్నంలో ఉంది. అమలాపురం నుంచి అది సుమారు రెండు వందల కిలోమీటర్లు. రోజు కూలి పోగొట్టుకుని, తోడు మనిషిని పెట్టుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని వెళ్ళాలి. అంత చెయ్యలేక గాలి సోకిందని తాయెత్తులు కడతారు, ఉపవాస ప్రార్థనలకు తిప్పుతారు, చివరికి ‘పెళ్ళి చేస్తే అదే కుదురుకుంటుంది’ అంటారు. సమ్మతి అనే ప్రశ్న మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

చట్టంలో ఏముంది

మహారాష్ట్రలో 1972లో పోలీస్ స్టేషన్లోనే అత్యాచారానికి గురైన ఆదివాసీ బాలిక మథుర కేసులో, ఒంటి మీద దెబ్బలు లేవు కాబట్టి ఆమె ఒప్పుకున్నట్టేనన్న ధోరణిలో 1978లో సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. అదే ఏడాది హైదరాబాదులో రమీజాబీ కేసు మీద జనం వీధుల్లోకి వచ్చారు. ఇలాంటి పోరాటాల ఫలితంగా 1983లో భారత శిక్షాస్మృతి 375వ సెక్షన్ మారింది. అప్పుడు చేరిన అంశాల్లో ఒకటి మనకు ముఖ్యం. స్త్రీ ‘సరే’ అన్నా, ఆ సమయంలో మతిస్థిమితం లేకపోవడం వల్ల గానీ మత్తు వల్ల గానీ తాను దేనికి ఒప్పుకుంటోందో, దాని స్వభావమూ పర్యవసానమూ ఏమిటో తెలుసుకోలేని స్థితిలో ఉంటే, ఆ ‘సరే’ చెల్లదు. అది అత్యాచారమే.

2013 సవరణ సమ్మతికి నిర్వచనం ఇచ్చింది. మాటతో గానీ సైగతో గానీ సందేహానికి తావులేకుండా, స్వచ్ఛందంగా తెలిపిన ఒప్పుదలే సమ్మతి. పెనుగులాడలేదు కాబట్టి ఒప్పుకున్నట్టేనని అనడానికి వీల్లేదు. మానసిక లేదా శారీరక వైకల్యం ఉన్న స్త్రీపై అత్యాచారం చేస్తే పదేళ్ళకు తక్కువ కాకుండా, జీవితాంతం వరకు శిక్ష వెయ్యవచ్చని కూడా అప్పుడే చేర్చారు. 2024 జూలై 1 నుంచి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. పాత 375 ఇప్పుడు సెక్షన్ 63, శిక్షలు సెక్షన్ 64. అంకెలు మారాయి గానీ పైన చెప్పిన సారం మారలేదు.

ఇక్కడ ‘ఆ సమయంలో’ అనే మాటను గట్టిగా పట్టుకోవాలి. చట్టం జబ్బును శిక్షించడం లేదు, జబ్బు మనిషితో కాపురాన్నీ నేరం అనడం లేదు. ఆ ఘడియలో ఆమెకు తెలివిడి ఉందా అని మాత్రమే చూస్తోంది. 2017 చట్టం మరో అడుగు ముందుకేసి, మానసిక వ్యాధి ఉన్నంత మాత్రాన ఆ మనిషిని, కోర్టు ప్రకటించకుండా, మతిస్థిమితం లేనిదిగా లెక్కగట్టకూడదని చెప్పింది. సమాజం నీతికీ ఆచారానికీ లోబడటం లేదన్న కారణంతో ఎవరికీ మానసిక వ్యాధి అంటగట్టకూడదని కూడా అంది. వేరే కులం అబ్బాయిని ప్రేమించిన పిల్లకు ‘మతి చెడింది’ అని తాళ్ళతో కట్టి మందులు మింగించే ఇళ్ళకు ఈ మాట తెలియాలి. వైద్యం విషయంలో ఒక మనిషి తీసుకున్న నిర్ణయం ఇతరులకు తప్పుగా కనిపించినంత మాత్రాన, నిర్ణయించే శక్తి ఆమెకు లేదని కాదని కూడా ఆ చట్టమే అంటుంది. చెప్పింది అర్థం చేసుకోవడం, పర్యవసానం గ్రహించడం, తన నిర్ణయం తెలియజెయ్యడం అనే మూడింటినీ అది కొలబద్దగా పెట్టింది. ఆ కొలబద్ద వైద్యానికి పెట్టిందే అయినా, సమ్మతి గురించి ఆలోచించడానికీ పనికొస్తుంది.

ఒప్పుకోవడం, లొంగిపోవడం

మన భాషలో ‘ఒప్పుకుంది’ అనే మాట మోసం చేస్తుంది. ఇష్టపడి సరే అన్నా ‘ఒప్పుకుంది’ అంటాం, బెదిరింపుకు తలవంచినా ‘ఒప్పుకుంది’ అంటాం, నేరం అంగీకరించినా అదే మాట. కోర్టు మాత్రం వీటిని విడదీసింది. గోవాకు చెందిన తులసీదాస్ కనోల్కర్ కేసులో (2003) బాధితురాలికి బుద్ధి ఎదుగుదల లేదు. ఆమె ప్రతిఘటించలేదు కాబట్టి సమ్మతి ఉన్నట్టేనన్నది నిందితుడి వాదన. సుప్రీంకోర్టు దాన్ని తిరస్కరించింది. దిక్కుతోచక లొంగిపోవడం సమ్మతి కాదు, సమ్మతిలో తెలివిడీ ఎంచుకునే అవకాశమూ ఉండాలి అన్నది ఆ తీర్పు సారం.

దీన్ని మన ఇళ్ళ పరిస్థితులకు అన్వయించి చూద్దాం. ఇవి ఏ ఒక్కరి కథా కాదు, విషయం తేటపడటానికి ఊహించుకున్న సందర్భాలు.

మొదటిది. బైపోలార్ జబ్బులో కొందరికి కొన్ని వారాలపాటు నిద్ర ఉండదు, మితిమీరిన ఉత్సాహం ఉంటుంది, లైంగిక కోరిక కూడా పెరగవచ్చు. అలాంటి దశలో ఉన్న స్త్రీ తానే ఒకడి దగ్గరకు వెళ్ళిందనుకుందాం. ఆమె స్థితి తెలిసిన మనిషి ‘అదే వచ్చింది’ అని చేతులు దులుపుకోలేడు. ఆమెకు పర్యవసానం అర్థమయ్యే స్థితి ఉందా లేదా అనేది కోర్టు చూస్తుంది.

రెండోది. రాత్రి వేసుకునే మాత్రలతో ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్న స్త్రీ. సమ్మతి తెలియజెయ్యలేని స్థితిలో ఉన్న స్త్రీతో సంబంధాన్ని అత్యాచారంగానే సెక్షన్ 63 చెబుతుంది. నిన్న సరే అన్నది ఇవాళ్టికి చెల్లదు. మెలకువలో సరే అన్నది నిద్రలో చెల్లదు.

మూడోది. మందులు సక్రమంగా వాడుతూ, పనీపాటా చేసుకుంటూ, తనకు నచ్చిన మనిషితో ఉండాలనుకునే స్త్రీ. ఆమె ‘సరే’ అందరి ‘సరే’ లాంటిదే. ఆమెను కాపాడుతున్నామన్న పేరుతో ఆ ‘సరే’ను లాక్కోవడం కూడా అణచివేతే. చండీగఢ్ ప్రభుత్వ వసతి గృహంలో అత్యాచారానికి గురై గర్భవతి అయిన, బుద్ధిమాంద్యం ఉన్న యువతికి గర్భస్రావం చెయ్యాలని హైకోర్టు ఆదేశిస్తే, సుప్రీంకోర్టు 2009లో దాన్ని ఆపేసింది. ఆమె బిడ్డను కంటానంది. ఆమె మాటే ప్రమాణం అయింది.

పెళ్ళి అనే గోడ

ఇంతవరకు చెప్పిన చట్టం ఇంటి గడప దగ్గర ఆగిపోతుంది. భార్య వయసు పద్దెనిమిది దాటితే, భర్త చేసింది అత్యాచారం కాదనే మినహాయింపు పాత చట్టంలోనూ ఉంది, సెక్షన్ 63లోనూ ఉంది. పద్దెనిమిది అనే హద్దు కూడా సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పాక వచ్చిందే. అంతకు ముందు అది పదిహేను. ఈ మినహాయింపు చెల్లుతుందా అనే ప్రశ్న మీద 2022 మే 11న ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది.

అంటే మాత్రల మత్తులో ఉన్న భార్య విషయంలో అత్యాచారం సెక్షన్ పనిచెయ్యదు. పరాయివాడు చేస్తే పదేళ్ళ శిక్ష పడే పని, మెడలో తాళి ఉంటే నేరం కాకుండా పోతోంది. ‘పెళ్ళి చేస్తే కుదురుతుంది’ అనే మాట ఎంత ప్రమాదకరమో ఇక్కడ తెలుస్తుంది. జబ్బున్న పిల్లకు మేనమామతోనో రెండో పెళ్ళివాడితోనో ముడిపెట్టడమంటే ఆమెకు వైద్యం దొరకడం మాట అటుంచి, ఉన్న రక్షణ కూడా తీసెయ్యడమే.

అయినా దారులు పూర్తిగా మూసుకుపోలేదు. భర్త నుంచి విడిగా ఉంటున్న భార్యపై ఆమె సమ్మతి లేకుండా లైంగిక చర్యకు పాల్పడితే సెక్షన్ 67 కింద రెండు నుంచి ఏడేళ్ళ శిక్ష ఉంది. 2005 నాటి గృహహింస చట్టంలో లైంగిక హింస కూడా హింసే. రక్షణ ఉత్తర్వు, నివాస హక్కు కోరవచ్చు. గర్భస్రావం చట్టం వరకు భర్త చేసిన అత్యాచారం కూడా అత్యాచారం కిందికే వస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. హిందూ వివాహ చట్టం 5వ సెక్షన్ ప్రకారం మతిస్థిమితం లేక సమ్మతి ఇవ్వలేని మనిషి పెళ్ళిని కోర్టు ద్వారా రద్దు చేయించుకోవచ్చు.

మతిస్థిమితం లేదనే ఈ కారణాన్నే మొగుళ్ళు తిరగేసి వాడుతుంటారు. మనకు దగ్గరి కాకినాడలో 1995లో పెళ్ళయిన ఒక డాక్టరు, భార్యకు స్కిజోఫ్రేనియా ఉందని విడాకులు అడిగాడు. ఆమె ప్రభుత్వ వైద్యురాలిగా ఉద్యోగం చేస్తూనే ఉంది. కింది కోర్టు ఇచ్చిన విడాకులను హైకోర్టు కొట్టేసింది. 2013 సెప్టెంబరు 17న సుప్రీంకోర్టు హైకోర్టునే సమర్థించింది. జబ్బు పేరు ఒక్కటే సరిపోదు, అది కలిసి బతకలేనంత తీవ్రమైందని రుజువు కావాలంది. చదువూ ఉద్యోగమూ ఉన్న ఆమె సుప్రీంకోర్టు దాకా నిలబడగలిగింది. కొబ్బరి పీచు పనిచేసుకునే ఆడమనిషిని పెద్దమనుషుల ముందు ‘పిచ్చిది’ అని ఒక్క మాట అని పుట్టింటికి పంపేస్తారు. తీర్పు ఆమెకూ వర్తిస్తుంది, కానీ ఆ సంగతి ఆమె చెవిన వేసేదెవరు?

మొగుడికి జబ్బు ఉన్నప్పుడు

ఇంకో వైపు కూడా చూడాలి. మొగుడికి జబ్బు ఉన్న ఇళ్ళల్లో ‘పాపం వాడికి తెలీదు, నువ్వే సర్దుకో’ అని భార్యకు చెబుతారు. మొగుడి జబ్బు భార్య ‘వద్దు’ను రద్దు చెయ్యదు. మతి తప్పిన స్థితిలో చేసిన పనికి మినహాయింపు ఇచ్చే సెక్షన్ (పాతది 84, కొత్తది 22) కూడా జబ్బు ఉందని చెబితే చాలు వర్తించేది కాదు. ఆ పని చేసే సమయంలో తానేం చేస్తున్నాడో, అది తప్పో కాదో తెలియని స్థితిలో ఉన్నాడని అతడి తరఫువాళ్ళే రుజువు చెయ్యాలి. అతనికి వైద్యం కావాలి, ఆమెకు రక్షణ కావాలి. ఒకటి ఇచ్చి రెండోది ఎగ్గొట్టడానికి లేదు.

జబ్బున్న మగవాడిపై లైంగిక దాడి జరిగితే? సెక్షన్ 63 స్త్రీలకే వర్తిస్తుంది. పాత 377 సెక్షన్ కొత్త సంహితలో లేదు. వయోజనుడైన మగవాడికి ఇక్కడ చట్టంలో పెద్ద ఖాళీ మిగిలింది.

కులం ఎక్కడ వస్తుంది

ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన పటాన్ జమాల్ వలీ కేసులో (2021 ఏప్రిల్ 27) బాధితురాలు పుట్టు అంధురాలు, షెడ్యూల్డు కులం యువతి. నిందితుడు ఆమె అన్నదమ్ములకు తెలిసినవాడు. గొంతును బట్టి ఆమె అతన్ని గుర్తుపట్టింది. ఆమె సాక్ష్యం వైకల్యం వల్ల తక్కువైపోదని చెప్పి సుప్రీంకోర్టు జీవిత ఖైదును ఖాయం చేసింది. కులం, లింగం, వైకల్యం విడివిడిగా కాక ఒకదానిలో ఒకటి కలిసి ఆ స్త్రీని ఎలా నిస్సహాయురాలిని చేస్తాయో ఆ తీర్పు వివరంగా చర్చించింది. కానీ అట్రాసిటీ చట్టం కింద పడిన శిక్షను మాత్రం కొట్టేసింది. నేరం జరిగిన 2011 నాటికి ‘కులం కారణంగానే’ చేశాడని రుజువు చెయ్యాల్సి ఉండేది. ఆ రుజువు రికార్డులో లేదంది. మూడూ కలిసే ఉన్నాయని చెప్పిన తీర్పే చివరికి కులాన్ని విడదీసి రుజువు అడగాల్సి వచ్చింది. పాత చట్టం రాసిన తీరు అలాంటిది.

2016 జనవరి 26 నుంచి ఆ సెక్షన్ మారింది. బాధితురాలి కులం తెలిసి చేస్తే చాలు. నిందితుడికి ఆమెతో గానీ కుటుంబంతో గానీ పరిచయం ఉంటే, కులం తెలుసనే కోర్టు భావించాలి. పేటకూ ఊరికీ మధ్య ఒక రోడ్డు, ఒక పంట కాలువ మాత్రమే ఉండే కోనసీమలో ఎవరిది ఏ కులమో తెలియనివాడెవడు? అదే సవరణలో చేరిన 3(1)(డబ్ల్యూ) కింద దళిత స్త్రీని ఆమె సమ్మతి లేకుండా లైంగికంగా తాకడమే నేరం. ప్రతిఘటించకపోవడం సమ్మతి కాదు, గతంలో అతనితో సంబంధం ఉండటం కూడా సమ్మతి కాదని అక్కడ స్పష్టంగా రాసి ఉంది. కామందు తోటలో పనిచేసే జబ్బు మనిషి విషయంలో ‘ఎప్పట్నుంచో ఉన్న సంబంధమే కదా’ అనే వాదానికి ఇదే జవాబు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కూడా, వికలాంగురాలి మీద పెత్తనం చెలాయించే స్థితిలో ఉండి లైంగికంగా వాడుకున్నవాడికి ఆరు నెలల నుంచి ఐదేళ్ళ శిక్ష చెబుతోంది.

జిల్లాకు అంబేద్కర్ పేరు పెడుతున్నారని 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇంటికీ ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టారు. పేరు దగ్గరే అంత జరిగిన చోట, పేట ఆడమనిషి ఫిర్యాదు ఎంత ఎదురుగాలిలో నడవాలో ఊహించవచ్చు. అన్నీ బయటివాళ్ళ నుంచే వస్తాయనీ అనుకోవద్దు. తల్లి గల్ఫ్‌లో ఇంటిపనికి వెళితే, జబ్బున్న కూతురు బంధువుల ఇంట్లో ఉంటుంది. బంధువో సంరక్షకుడో అత్యాచారం చేస్తే సెక్షన్ 64లో శిక్ష మరింత ఎక్కువ. ‘మనవాడే, పేట పరువు’ అని దాచిపెట్టడం అంబేద్కరిజం కాదు.

మనం చెయ్యాల్సింది

ఒకటి. ఫిర్యాదు. మానసిక వైకల్యం ఉన్న బాధితురాలిని స్టేషన్‌కు ఈడ్చుకెళ్ళాల్సిన పని లేదు. ఆమె ఇంటి దగ్గరో, ఆమెకు వీలైన చోటో, దుబాసీ లేదా ప్రత్యేక ఉపాధ్యాయుల సాయంతో, వీడియో తీస్తూ వాంగ్మూలం నమోదు చెయ్యాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 చెప్పేది ఇదే. మేజిస్ట్రేటు ముందు అలా ఇచ్చిన వాంగ్మూలాన్ని విచారణలో ముఖ్య సాక్ష్యంగా తీసుకోవచ్చు, ఆమెతో మళ్ళీ మొదట్నుంచీ చెప్పించనక్కరలేదు. ఇలాంటి కేసుల్లో ఎఫ్.ఐ.ఆర్. కట్టకపోవడం పోలీసు అధికారికి శిక్ష పడే నేరం. అట్రాసిటీ సెక్షన్లు పెట్టించాలి; అప్పుడు దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేస్తారు.

రెండు. సాక్ష్యం. ‘పిచ్చిదాని సాక్ష్యం చెల్లదు’ అనేది అబద్ధం. అడిగిన ప్రశ్న అర్థం చేసుకుని జవాబివ్వగలిగితే మానసిక వ్యాధి ఉన్న మనిషి కూడా సాక్షే అని 1872 నాటి సాక్ష్య చట్టం దగ్గర్నుంచీ ఉంది. ఆమె ఏ రోజు ఎలా ఉంది, ఏ మందులు వేసుకుంటోంది, ఎవరితో ఏం చెప్పింది అనేవి వెంటనే రాసిపెట్టుకోవాలి. ఆస్పత్రి చీటీలు పారెయ్యకూడదు. ‘ఆ సమయంలో’ అనే ప్రశ్నకు జవాబు వాటిల్లోనే ఉంటుంది.

మూడు. ఆస్పత్రి. ప్రభుత్వమైనా ప్రైవేటైనా ఉచితంగా వైద్యం చెయ్యాలి. రెండు వేళ్ళ పరీక్ష చెయ్యడం దుష్ప్రవర్తన అని సుప్రీంకోర్టు 2022 అక్టోబరు 31న చెప్పింది. చెయ్యబోతే ఆపాలి.

నాలుగు. రాజీ. అత్యాచారం కేసు పెద్దమనుషులు తెంచేది కాదు. డబ్బు ఇప్పించడం, వాడికే ఇచ్చి పెళ్ళి చెయ్యడం రెండూ ఆమెను రెండోసారి అమ్మెయ్యడమే.

ఐదు. పేరు. ధర్నా ఎంత న్యాయమైనదైనా ఆమె పేరూ ఫోటో ఫ్లెక్సీ మీద వెయ్యకూడదు. అది నేరం కూడా.

ఫోన్ నెంబర్లు గుర్తుపెట్టుకోండి. అట్రాసిటీ ఫిర్యాదులకు 14566, మానసిక ఆరోగ్య సలహాకు టెలీ మానస్ 14416, ఉచిత న్యాయ సహాయానికి 15100, మహిళల సహాయానికి 181.

ఇవన్నీ నేరం జరిగాక చేసే పనులు. అంతకంటే ముందు చెయ్యాల్సింది ఇళ్ళల్లో ఉంది. జబ్బు నెమ్మదించినప్పుడు ఆ మనిషితో కూర్చుని, ‘నీకు బాగోలేనప్పుడు నిన్నెలా చూసుకోవాలి, ఎవరు దగ్గరుండాలి, ఎవరు రాకూడదు’ అని అడగాలి. వైద్యం ఎలా జరగాలో ముందే రాసిపెట్టుకునే హక్కు, తన తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకునే హక్కు 2017 చట్టం ఆమెకు ఇచ్చింది. తోడు మనిషి కూడా ఒక నియమం పెట్టుకోవాలి. ఆమెకు బాగా ఉన్నప్పుడు ఆమె చెప్పిందే మాట, బాగాలేనప్పుడు ఆగడమే మర్యాద, అనుమానంగా ఉంటే ఆగిపోవడమే సరైన పని.

మన మాటకు విలువ లేదని వేల ఏళ్ళుగా చెప్పించుకున్నవాళ్ళం మనం. సాక్ష్యానికి పనికిరావనీ, నీకేం తెలుసనీ, నీ తరఫున మేమే చెబుతామనీ మనతో అన్న మాటలే ఇవాళ మన పేటలో జబ్బు మనిషితో మనం అంటున్నాం. ముందు అది ఆపితే, ఆమె మాట కోర్టు దాకా వెళ్ళే దారి మన అరుగు మీద నుంచే మొదలవుతుంది.